జులైలో చెప్పిన తప్పు జవాబులు

మార్చి 2, శనివారం

బయటి ఊరి ఫుట్‌బాల్ ఆట. ఒకటి–ఒకటి. రేడియోలో విన్నాను. మొదటి సగంలో మా మనవడు రస్సెల్ తలా, అవతలి గోల్‌కీపర్ పిడికిలీ గుద్దుకున్నాయని చెప్పారు. ఆట ఆపారు. ఫిజియో షబానా మైదానంలోకి పరిగెత్తిందట. కాసేపటికి రస్సెల్ మళ్ళీ ఆడుతున్నాడని చెప్పారు.

ఇంటికి వచ్చాక చూశాను. కనుబొమ్మ మీద నాలుగు కుట్లు.

"షబానా ప్రశ్నలు అడిగింది నానమ్మా. పాసయ్యాను" అన్నాడు.

కళ్ళతో చూడని ఆటకు నేను రస్సెల్‌కు మార్కులు వేయను. ఈ వారం గడి ఖాళీ.

మార్చి 3, ఆదివారం

మటన్ రోస్ట్, బంగాళాదుంపలు, క్యారెట్లు. రస్సెల్ తక్కువ తిన్నాడు. వెలుతురు గుచ్చుకుంటోందని వంటింటి కిటికీకి తెర వేశాడు. కుట్లు పడ్డ కన్ను, గుచ్చుకోదూ మరి.

తిరుగు ప్రయాణంలో జట్టు బస్సు టైరు పేలిందట. గోల్‌కీపర్ డెస్ పక్క పొలంలోకి దిగి, గొర్రెల మధ్య నిలబడి, "ఈ ఏడాది నా ముందు నిలబడ్డ డిఫెండర్లలో వీళ్ళే నయం" అన్నాడట. నవ్వాను.

ముప్పై నాలుగేళ్ళ మనిషి, వాళ్ళ నాన్న చిన్నప్పుడు పడుకున్న పొట్టి మంచంలో కాళ్ళు బయటికి చాపుకుని నిద్రపోతున్నాడు. పదిహేడో ఏట నుంచి బంతే జీవనం. ఆరు ఊళ్ళ జట్లకు ఆడాడు, అన్నీ మూడో డివిజనో నాలుగో డివిజనో. కిందటి జూన్‌లో మన ఆస్కర్‌డేల్ జట్టు ఈ మే దాకా తీసుకుంది. నవంబరులో భార్య కెర్రీతో విడిపోయాక నా ఇంటికి వచ్చాడు. ఇల్లు దొరికేదాకా ఉంటానన్నాడు. వెతుకుతున్నట్టు కనపడదు. నేనూ అడగలేదు.

మార్చి 5, మంగళవారం

క్లబ్బులో మళ్ళీ తల దెబ్బ పరీక్ష పెట్టారట, మళ్ళీ పాసట. అయిదు మాటలు చదివి వినిపిస్తారు, తిరిగి చెప్పాలి. నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పాలి. తర్వాత మళ్ళీ ఆ అయిదు మాటలూ అడుగుతారు. ఆటలు మొదలవకముందు, జులైలో, అదే మనిషి ఎన్ని చెప్పాడో దానితో సరిచూస్తారు. తగ్గకపోతే ఆడవచ్చు.

సబబైన పద్ధతి. ఒకరిని పక్కవాడితో కాదు, వాడితోనే వాడిని పోల్చాలని ఉద్యోగం చేసినంత కాలం నేను స్టాఫ్ రూములో మొత్తుకున్నదే.

మార్చి 9, శనివారం

సొంత మైదానం. ఒకటి–సున్నా, గెలుపు. ఆఖర్లో వాళ్ళకు వరుసగా కార్నర్లు, మైదానం మూల నుంచి గోలు ముందుకు లేపి కొట్టే బంతులు, వచ్చాయి. అన్నిటినీ రస్సెల్ ఎగిరి తలతో కొట్టి బయటికి పంపాడు. పదికి ఏడు మార్కులు. అంతకు మించి ఎవరికీ ఎప్పుడూ వేయలేదు.

నా వెనక వరస నార్మన్ ఎప్పటిలాగే ముందుకు వంగి, "ఆ తలకు వేరే జీతం ఇవ్వాలి డక్‌వర్త్ గారూ" అన్నాడు.

"ముందు మీరు ఆ మాంసం పేస్ట్రీ తినడం ముగించండి, నా కాలర్ మీద పడుతోంది" అన్నాను.

ఇరవై నాలుగు జట్లలో మనది ఇరవై ఒకటో స్థానం. అడుగున ఉన్న రెండు జట్లు లీగు నుంచే పోతాయి. మేనేజర్ కియో మొన్న రస్సెల్‌ను పక్కకు పిలిచి, "నిలబడ్డామంటే నీకు ఇంకో ఏడాది" అన్నాడట. ఇంకో ఏడాది అంటే ఆ మంచం సరిపోదు. ధరలు కనుక్కోవాలి.

మార్చి 12, మంగళవారం

పాలసీసా ప్లేట్ల అల్మరాలో దొరికింది. మందలించాను.

మార్చి 14, గురువారం

టీ చేసి తెచ్చాడు. కప్పులో వేణ్ణీళ్ళే ఉన్నాయి, టీ ఆకు వేయలేదు. కెర్రీ ఫోన్ చేసిన రోజు, మనసు మనసులో లేదు. మాట్లాడకుండా నేనే ఆకు వేసుకున్నాను.

మార్చి 17, ఆదివారం

నిన్న సున్నా–రెండు. నాలుగు మార్కులు.

భోజనం దగ్గర బస్సు టైరు సంగతి చెప్పాడు, డెస్, గొర్రెలు, అంతా. ఓడిన మర్నాడు నన్ను నవ్వించాలని. నవ్వాను.

మార్చి 21, గురువారం

మార్కెట్లో షబానా కనపడింది. పదకొండేళ్ళప్పుడు నా తరగతిలో ముందు బెంచీ. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. అయినా నన్ను చూడగానే చేతిలో తింటున్నది వెనక దాచింది.

"టీచర్, రస్ ఇంట్లో బాగానే ఉన్నాడా?"

"ఎందుకడుగుతున్నావు?"

"ఊరికే. తలనొప్పి, నిద్ర, కోపం, అలాంటివేమైనా? వాళ్ళు నాకు చెప్పరు టీచర్. కాలు విరిగినా 'బాగుంది షబ్స్' అంటారు."

"బాగా తింటున్నాడు" అన్నాను.

అది నిజమే. ఈ వారం బాగానే తిన్నాడు.

ఏప్రిల్ 7, ఆదివారం

డెస్ భోజనానికి వచ్చాడు. లివర్‌పూల్ మనిషి, రస్సెల్ కంటే పెద్దవాడు. పుడ్డింగు మూడుసార్లు వడ్డించుకుని, "మామ్మగారూ, నన్ను కూడా దత్తత తీసుకోండి, మంచం నేనే తెచ్చుకుంటా" అన్నాడు.

రస్సెల్ కస్టర్డ్ జగ్గు తేవడానికి లేచి, వంటింట్లోకి వెళ్ళి, ఉప్పు తెచ్చి పెట్టాడు. డెస్ పగలబడి నవ్వాడు.

"చూశారా మామ్మగారూ? జులైలో నటించనక్కర్లేకుండానే పాసైపోయేవాడు వీడు."

"జులైలో నటించడం ఏమిటి?" అన్నాను.

బల్ల కింద రస్సెల్ కాలు కదిలిన చప్పుడు వినపడింది. కానీ డెస్ నోట్లోంచి మాట బయటికి వచ్చేసింది. ఇక దాచేందుకేమీ లేదనుకున్నాడేమో, పూర్తిగా చెప్పాడు.

"తల పరీక్ష మామ్మగారూ. అయిదు మాటలూ తెలిసినా జులైలో మూడే చెప్తాం. నెలలు కూడా తప్పు చెప్తాం. కాగితం మీద ముందే మొద్దులమైతే, తర్వాత దెబ్బ తగిలినా ఇంకేం తగ్గుతాం? నేను మొదటి జట్టులోకి వచ్చినప్పుడు పెద్దవాళ్ళు నేర్పారు. జులైలో మొద్దువైతే జనవరిలో ఆడతావు అని."

"అందరూనా?"

"బ్రెజిల్ కుర్రాడొకడు ఉండేవాడు, నిజాయితీగా అయిదూ చెప్పాడు. ఒక్క దెబ్బకే మూడు వారాలు కూర్చోబెట్టారు. అతని చోటు పోయింది."

"పరీక్షలో తెలిసి తెలిసి తప్పు చెప్పారా?" అన్నాను.

"తప్పు కాదు మామ్మగారూ. ఇన్సూరెన్స్."

తెలియనిది తెలిసినట్టు నటించే పిల్లలను వందలమందిని చూశాను. వాళ్ళను పట్టుకోవడం నాకు చేతనవును. తెలిసింది తెలియనట్టు నటించేవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. అలాంటివాడు ఉంటాడని తోచనే లేదు.

డెస్ వెళ్ళాక గిన్నెలు నేను కడిగాను, రస్సెల్ తుడిచాడు.

ఏప్రిల్ 13, శనివారం

సొంత మైదానం. ఒకటి–ఒకటి. రెండో సగంలో రస్సెల్, వాళ్ళ ముందు వరసవాడు ఒకే బంతికి ఎగిరారు. చప్పుడు నా సీటు దాకా వినపడింది. వాడు పడిపోయాడు. రస్సెల్ పడలేదు. నడిచి గోలుస్తంభం దగ్గరకు వెళ్ళి దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అందరూ పడినవాడినే చూస్తున్నారు. షబానా కూడా.

చెయ్యి తీయడానికి చాలాసేపు పట్టింది.

మార్కులు వేయలేదు.

ఏప్రిల్ 14, ఆదివారం

భోజనం అయ్యాక బల్ల ఖాళీ చేశాను.

"రస్సెల్, కూర్చో."

"కూర్చునే ఉన్నా నానమ్మా."

"తిన్నగా కూర్చో."

గొడుగు, సబ్బు, వంతెన, గుర్రం, కొవ్వొత్తి. చదివాను. అయిదూ తిరిగి చెప్పాడు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు గడ్డం పైకెత్తి చెప్పాడు. ఇప్పుడు నెలలు వెనక్కి చెప్పమన్నాను. డిసెంబరు, నవంబరు, అక్టోబరు, సెప్టెంబరు, ఆగస్టు. అక్కడ ఆగాడు. మళ్ళీ సెప్టెంబరు అన్నాడు. తల అడ్డంగా ఊపి మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ ఆగస్టు దగ్గరే ఆగాడు.

"సరే. ఇప్పుడు ఆ అయిదు మాటలు."

"గొడుగు. గుర్రం."

కిటికీ వైపు చూశాడు. జవాబు కిటికీలో ఉండదని ఎందరికి చెప్పానో. ఇవాళ అనలేదు.

"జులైలో ఎన్ని చెప్పావు?"

"మూడు."

"అయిదూ తెలిసేనా?"

"అయిదూ తెలిసే."

"అంటే మొద్దులా నటించినప్పుడు మూడు. ఇవాళ నీ శక్తికొద్దీ చెబితే రెండు."

రస్సెల్ నెమ్మదిగా అన్నాడు. "ఇంకా నాలుగు ఆటలే నానమ్మా. మనం నిలబడితే నాకు ఇంకో ఏడాది."

"ఆ ఏడాది ఏం చేస్తావు?"

"ఇదే."

"దాని తర్వాత?"

"అంతదూరం ఆలోచించలేదు. ముప్పై అయిదేళ్ళవాణ్ణి ఇంకెవరు తీసుకుంటారు? నాకు ఇంకేం వచ్చు? నెలల పేర్లు కూడా రావాయె." నవ్వాడు.

నేను నవ్వలేదు. "షబానాకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? గురువారం దాకా గడువు."

"నేనే చెప్తాను" అన్నాడు. "నువ్వు చెబితే నన్ను స్కూలుకు మా నానమ్మ తీసుకొచ్చినట్టుంటుంది."

ఏప్రిల్ 18, గురువారం

చెప్పాడు. సాయంత్రం వస్తూనే చెప్పాడు. "పార్కింగులో చెప్పేశాను నానమ్మా. ఆమె చేతిలో ఐసు సంచి ఉంది. అంతా విని, తలూపి, చూద్దాం రస్ అంది."

చేప వేయించాను. రెండు ముక్కలు తిన్నాడు. చాలా రోజుల తర్వాత నాకూ ఆకలి వేసింది.

ఏప్రిల్ 19, గుడ్ ఫ్రైడే

గెలుపు, రెండు–ఒకటి. ఇరవయ్యో స్థానం.

మైకులో జట్టు పేర్లు చదివినప్పుడు అయిదో నంబరు రస్సెల్ డక్‌వర్త్ అన్నారు. షబానా చూసే పంపి ఉంటుంది. ఆమె చదువుకున్న పిల్ల. నాకంటే ఆమెకు తెలుసు. అతను బంతిని తలతో కొట్టిన ప్రతిసారీ నేను ఆకాశం వైపు చూశాను.

"వాన వస్తుందంటారా డక్‌వర్త్ గారూ?" అన్నాడు నార్మన్.

ఏప్రిల్ 20, శనివారం

పొద్దున్న రస్సెల్ వ్యాయామానికి వెళ్ళాక షబానాకు ఫోన్ చేశాను. నిన్న ఆడించావంటే అంతా బాగున్నట్టేనా అని అడిగాను.

"ఏది బాగున్నట్టు టీచర్?"

"గురువారం రస్సెల్ నీకు చెప్పింది."

"గురువారం నేను ఊళ్ళోనే లేను టీచర్. మా చెల్లెలి పెళ్ళి బట్టలకు బ్రాడ్‌ఫర్డ్ వెళ్ళాం. రస్ నాతో సోమవారం నుంచీ మాట్లాడనే లేదు. ఏం చెప్పాలి?"

తర్వాత మాట్లాడతానని ఫోన్ పెట్టేశాను.

వంటింట్లో కూర్చున్నాను. అబద్ధం చెప్పాడన్నమాట. అబద్ధాన్ని నేను ఏ పిల్లవాడి దగ్గరా, నా కొడుకు దగ్గరా క్షమించలేదు. కానీ ఇవాళ కూర్చుని, అది అబద్ధమే అయి ఉండాలని కోరుకున్నాను. ఎంత గట్టిగా కోరుకున్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. అబద్ధమైతే తిట్టవచ్చు. అబద్ధం తెలివి ఉన్నవాడు చేసే పని.

అబద్ధం చెప్పే పిల్లలు నాకు తెలుసు. ముందు కళ్ళలోకి సూటిగా చూస్తారు, మాట పొట్టిగా ముగిస్తారు. రస్సెల్ గురువారం షూలేసులు విప్పుకుంటూ చెప్పాడు. ఐసు సంచి సంగతి చెప్పాడు.

మధ్యాహ్నం వచ్చాడు. టీ పోశాను.

"షబానాకు చెప్పావా?"

"చెప్పానన్నాను కదా, మొన్న గురువారం."

"గురువారం ఆమె బ్రాడ్‌ఫర్డ్‌లో ఉంది."

కప్పు దించాడు. కోప్పడతాడనుకున్నాను. నిజానికి కోప్పడితే బాగుండుననుకున్నాను. దొరికిపోయిన పిల్లవాడి మొహం కోసం చూశాను, అది ఎలా ఉంటుందో నాకు తెలుసు కనుక. ఆ మొహం రాలేదు.

"పార్కింగులో నానమ్మా. ఐసు సంచి ఉంది."

"ఏ రోజు?"

చేతివేళ్ళ వైపు చూసుకున్నాడు.

"చెప్పాలని కారులో కూర్చుని మాటలు కూడబలుక్కున్నాను" అన్నాడు చివరికి. "అది గుర్తుంది. ఆ మాటలన్నీ గుర్తున్నాయి. చెప్పాననే అనుకున్నాను."

టీ చల్లారింది. ఇద్దరిలో ఎవరమూ తాగలేదు.

"నీకు భయంగా ఉందా?" అన్నాను. ఎవరినీ అలా అడగడం నాకు అలవాటు లేదు.

"నిన్నటిదాకా మే నెల గురించి భయం" అన్నాడు. "రేపు నువ్వు కూడా వస్తావా, షబానా దగ్గరకు? చెప్పానో లేదో చూడ్డానికి."

ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం

చర్చి నుంచి తిన్నగా షబానా ఇంటికి వెళ్ళాం. సమోసాలు పెట్టింది. పిల్లలను పక్కింటికి పంపింది. రస్సెల్ అన్నీ తనే చెప్పాడు, పాలసీసా దగ్గర నుంచి. అందులో కొన్ని నాకు తెలియవు. గత నెల కెర్రీ ఇంటికి వెళ్ళే దారి మరిచిపోయి పెట్రోలు బంకు దగ్గర ఆగిపోయాడట.

"జులై కాగితం?" అంది షబానా.

"తప్పుడుది."

"నువ్వొక్కడివేనా, అందరూనా?"

"జట్టు సంగతి జట్టును అడుగు షబ్స్. నా సంగతి నేను చెప్పాను."

షబానా తన కాగితాల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఏడాదంతా వాటిని నమ్మి అందరినీ మైదానంలోకి పంపింది. "మార్కెట్లో అడిగాను టీచర్" అంది నా వైపు చూడకుండా.

"అడిగావు" అన్నాను.

ఈ ఏడాదికి ఇక ఆట లేదంది. ఆ తర్వాతది మాంచెస్టర్ నరాల డాక్టరు చెప్పాలంది. రస్సెల్ తలూపాడు. ఇంకో సమోసా అడిగాడు.

ఏప్రిల్ 22, ఈస్టర్ సోమవారం

పొద్దున్నే మేనేజర్ కియో వచ్చాడు. వాకిట్లో బూట్లు విప్పబోతే వద్దన్నాను. వంటింట్లో రస్సెల్ ఎదురుగా కూర్చున్నాడు. నిద్రలేని మొహం.

"మూడు ఆటలు డకీ. వెనక వరసలో నీకు బదులు పంతొమ్మిదేళ్ళవాణ్ణి నిలబెట్టాలి."

"వాడు బాగానే ఆడతాడు బాస్. కార్నర్లప్పుడు ముందుకు జరుగుతాడు. జరగొద్దని చెప్పండి."

"నిలబడితే ఏడాది ఇస్తానన్నాను. ఆడేవాడికి ఇస్తానన్నాను. డాక్టరు వద్దన్నవాడికి ఇమ్మంటే బోర్డు నా మాట వినదు."

"తెలుసు బాస్."

కియో లేచి నా వైపు తిరిగాడు. "మీరు ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే అని అనను అమ్మా."

"అనేశారు" అన్నాను. "టీ తాగి వెళ్ళండి."

తాగాడు. వెళ్ళేటప్పుడు రస్సెల్ భుజం మీద చెయ్యి వేశాడు. తల దగ్గరకు పోనివ్వలేదు.

ఆట సున్నా–సున్నా.

ఏప్రిల్ 27, శనివారం

బయటి ఊరు. సున్నా–రెండు. ఇరవై రెండో స్థానం. రస్సెల్ రేడియో మధ్యలో కట్టేశాడు.

ఏప్రిల్ 30, మంగళవారం

మాంచెస్టర్. డాక్టరు చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. తలతో బంతి కొట్టడం ఇక జీవితంలో వద్దన్నాడు. విశ్రాంతి తీసుకుంటే మరపు చాలావరకు తగ్గవచ్చు, ఎంతవరకో చెప్పలేనన్నాడు. "చెప్పలేను" అని ఒప్పుకున్న డాక్టరును మొదటిసారి చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో రస్సెల్ నా భుజం మీద నిద్రపోయాడు. బరువైన మనిషి. చెయ్యి తిమ్మిరెక్కింది.

మే 4, శనివారం

ఆఖరి ఆట, సొంత మైదానం, సన్నటి వాన. డ్రా అయినా చాలు. ఓడి, అవతల మన కింది జట్టు గెలిస్తే మనం పోతాం.

ఆడని ఆటగాళ్ళు క్లబ్బు సూటు వేసుకుని డైరెక్టర్ల వరసలో కూర్చుంటారు. రస్సెల్ సూటు వేసుకున్నాడు కానీ నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. నా సీటు పక్కది నా భర్తది, దానికి ఇప్పటికీ డబ్బు కడతాను. వాళ్ళ తాత ఉన్ని టోపీ ఇచ్చాను. పెట్టుకున్నాడు.

గాలిలో బంతి లేచినప్పుడల్లా పక్కన అతని మెడ కదిలింది. బహుశా అతనికి తెలియదు. నడుము సీటు మీంచి కొద్దిగా లేచేది, మళ్ళీ కూర్చునేది. మొదటి సగం సున్నా–సున్నా. రెండో సగం చాలాసేపు సున్నా–సున్నా. డెస్ రెండు మంచి బంతులు ఆపాడు. నార్మన్ పేస్ట్రీ తినడం కూడా మరిచాడు.

ఇంక కాసేపట్లో అయిపోతుందనగా వాళ్ళకు కార్నర్ వచ్చింది. జనమంతా లేచి నిలబడ్డారు. మేమూ లేచాం.

"జరగకు" అన్నాడు రస్సెల్ మెల్లగా. "జరగకురా."

కుర్రవాడు ఒక్క అడుగు ముందుకు జరిగాడు. బంతి అతని మీదుగా వెళ్ళింది. వెనకనున్నవాడు తలతో కొట్టాడు. డెస్ చేతికి అందలేదు.

అవతల మన కింది జట్టు గెలిచిందని ఎవరి రేడియోలోనో వినపడింది. తొంభై ఏళ్ళుగా లీగులో ఉన్న జట్టు. ఓ ముసలాయన కుర్చీల మధ్య మెట్టు మీద కూర్చుండిపోయాడు. మైదానంలో ఆ కుర్రవాడు చొక్కా మొహానికి కప్పుకున్నాడు. డెస్ అతని పక్కన కూర్చుని ఏదో చెబుతున్నాడు.

"డక్‌వర్త్ ఉండి ఉంటే తీసేసేవాడు ఆ బంతిని" అన్నాడు వెనక నుంచి నార్మన్, టోపీ కింద ఎవరున్నారో చూడక. "కళ్ళు మూసుకుని తీసేసేవాడు."

రస్సెల్ వెనక్కి తిరగలేదు. "ఔను" అన్నాడు నాతో. "తీసేసేవాణ్ణి."

నిజమే. నేనూ చూశాను. బంతి సరిగ్గా అతని తల ఎత్తుకే వచ్చింది. ఆ తల నా పక్కన ఉంది, ఉన్ని టోపీలో, వానకు తడవకుండా.